గొంగడి దించితేనే ముఖం: రూపచిత్రంలో తోలు, ఉన్ని, మనిషి

1838 మార్చిలో డాన్యూబ్ నదికి వచ్చిన వరదలో పెస్ట్ నగరం మునిగింది. బాధితుల సహాయార్థం ఇరవయ్యారేళ్ల పియానో విద్వాంసుడు ఫ్రాంజ్ లిస్ట్ వియన్నా చేరి కచేరీలు చేశాడు. ఆ నగరంలో రూపచిత్రాలు గీయడమే వృత్తిగా జీవించిన యోసెఫ్ క్రీహూబర్ ఆ సంవత్సరమే అతణ్ణి ప్రయాణపు బొచ్చుకోటులో చిత్రించి శిలాముద్రణలో వెలువరించాడు. పందొమ్మిదో శతాబ్దపు యూరప్ రూపచిత్రకళలో ఇటువంటి బొమ్మలు అరుదేమీ కావు. ముఖం వ్యక్తిని పరిచయం చేస్తుంది. కోటు అతని అంతస్తును, తిరిగిన దూరాలను, పొందిన ఆదరణను పరిచయం చేస్తుంది. చూసేవాడు ముందు ముఖాన్ని గుర్తుపట్టి, తరువాత కోటును చదువుతాడు. ఈ క్రమం మారదు.

ఈ క్రమమే రూపచిత్రానికి సహజమని తెలుగులో కూడా స్థిరపడింది. కావ్యాల ముఖపత్రాల మీద, పాఠ్యపుస్తకాలలో, కూడళ్లలోని విగ్రహాలలో దీనినే అనుసరిస్తున్నారు. అయితే 2016 అక్టోబరు వరకు చాలావరకు వరంగల్ జిల్లాలో భాగంగా ఉండి, ఆ తరువాత వేరు జిల్లాలైన జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి ప్రాంతాల ప్రతిమాసంప్రదాయాన్ని పరిశీలిస్తే ఈ క్రమం అక్కడ తలకిందులైనట్టు కనిపిస్తుంది. అక్కడ మనిషిని ముందు కప్పునుబట్టి గుర్తుపడతారు. ముఖం తరువాత వస్తుంది. కొన్నిచోట్ల అసలు రాదు. శిలాముద్రణ రూపచిత్రం అలవాటు చేసిన చూపుతో ఈ బొమ్మలను చూసినప్పుడు ఏది జారిపోతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

రాయి మీద రోమం

పందొమ్మిదో శతాబ్దపు చిత్రకారులకు బొచ్చుకోటు మీద కలిగిన మోజుకు ఐశ్వర్యచిహ్నం కావడమొక్కటే కారణం కాదు. పనిముట్టు కూడా కారణమే. ఆలోయిస్ జెనెఫెల్డర్ పద్దెనిమిదో శతాబ్దపు చివరి సంవత్సరాలలో మ్యూనిక్‌లో రూపొందించిన శిలాముద్రణకు ఆధారం నూనె, నీరు కలవకపోవడమే. బవేరియా సున్నపురాతిని చదును చేసి, సన్నని గరుకు పుట్టించి, దానిమీద జిడ్డుసుద్దతో బొమ్మ గీస్తారు. రాయి తడిసినచోట సిరా అంటదు, జిడ్డు ఉన్నచోట అంటుతుంది. రాగిరేకు మీద చెక్కే కళాకారుడు ప్రతి వెంట్రుకనూ ఒక గీతగా చెక్కాలి. రాతిమీద సుద్ద అలా కాదు. గరుకురాతి మీద అది పలచగా జరిగితే దానంతట అదే చుక్కచుక్కగా విడిపోయి నూగులా కనిపిస్తుంది. అదే సుద్దను ఒత్తి రుద్దితే దట్టమైన నలుపు వస్తుంది. నూగు నుంచి నలుపు వరకు ఉన్న ఈ మెట్లన్నీ బొచ్చుకోటులో పలుకుతాయి. అందుచేత ముఖాన్ని తేలికగా వదిలి, కోటును దట్టంగా నింపడం ఈ మాధ్యమానికి అనుకూలించింది. వెలుగంతా ముఖానికి, నీడంతా వస్త్రానికి దక్కాయి. రూపచిత్రంలో వస్త్రం ముఖానికి సేవచేయాలనే భావన ఇక్కడ సిద్ధాంతంగా మొదలైంది కాదు. రాతి గుణం దానిని బలపరిచింది.

నిజాం రాజ్యంలో శిలాముద్రణ ప్రధానంగా లిపికి ఉపయోగపడింది. నస్తాలీఖ్ రాతను సీసపు అచ్చులలో పోయడం కష్టం గనుక ఉర్దూ గ్రంథాలు రాతి అచ్చుకు మొగ్గాయి. తెలుగు లోహపు అచ్చులతో నడిచింది. తెలుగు ఇళ్లలోకి శిలాముద్రణ ప్రవేశించినది దేవుళ్ల రంగుపటాల రూపంలోనే. 1894లో రాజా రవివర్మ బొంబాయి సమీపంలో ముద్రణాలయం స్థాపించిన తరువాత పురాణపాత్రలకు కూడా క్రీహూబర్ లిస్ట్‌కు ఇచ్చినటువంటి ఒకే ఒక్క ముఖం, వెలుగునీడలు, చర్మపు నునుపు సమకూరాయి. గోడమీది పటంలో శివుడు నడుముకు పులితోలు చుట్టుకొని ఉంటాడు. ఆ పులితోలును చిత్రకారుడు ఎంత శ్రద్ధగా వేసినా భక్తుడు నమస్కరించేది ముఖానికే.

తోలు వేరు, ఉన్ని వేరు

బొచ్చుకోటుకు తెలుగులో ఒక్క మాట లేదు. బొచ్చు, తోలు, ఉన్ని, రోమం, వెంట్రుక అని విడివిడి మాటలున్నాయి. ఇది లోపమనుకోనక్కరలేదు. వెంట్రుకతో కూడిన తోలు కావాలంటే జంతువు చావాలి. ఉన్ని కావాలంటే జంతువు బతకాలి; గొర్రెకు ఏటా మళ్లీ బొచ్చు పెరగాలి, మళ్లీ కత్తిరించాలి. తెలుగు పదసంపద ఈ రెండు వ్యవహారాలను కలపలేదు. గొంగడి అన్న మాట ఉన్నికే చెందింది. ఒళ్లంతా నూగు ఉన్న పురుగును గొంగళిపురుగు అనడంలో ఆ దుప్పటి గరుకు పురుగుకు పేరైంది. వస్త్రం నుంచి ప్రాణికి పేరు రావడం ఇక్కడి విశేషం.

తోలు పక్షాన పురాణసాహిత్యంలో రెండు ఉదాహరణలు చాలు. ఏనుగుతోలు కప్పుకున్నందుకు శివుడు కృత్తివాసుడయ్యాడు. భూపాలపల్లి జిల్లా కాళేశ్వరంలో ఆయన ఒకే పానవట్టం మీద రెండు లింగాలుగా వెలిశాడు. అక్కడ ముఖమూ లేదు, తోలూ లేదు. అయినా సహస్రనామంలో తోలు పేరై నిలిచింది. ఇక జనగామ జిల్లా బమ్మెరను జన్మస్థలంగా చెప్పుకునే పోతన భాగవతంలో వామనుని ఉపనయన ఘట్టం. వటువుకు కావలసిన వస్తువులు ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతినుంచి వస్తాయి. నల్లజింక తోలును భూమి ఇస్తుంది. దండాన్ని సోముడు, కమండలువును బ్రహ్మ, అక్షమాలను సరస్వతి ఇస్తారు. అదితి కుమారుడు ఒక్కో వస్తువుతో ఒక్కో అంశ పొంది బ్రహ్మచారిగా తయారవుతాడు. అతని రూపవర్ణన కన్నా ఈ వస్తువుల రాకే అతణ్ణి వామనుణ్ణి చేస్తున్నది. ముందే ఉన్న వ్యక్తి మీద అంతస్తు చూపడానికి తొడిగిన వేషం కాదది. వ్యక్తి అక్కడే రూపొందుతున్నాడు. భూమిని అడగబోయే వాడికి తోలు ఇచ్చినది భూమే కావడం కూడా గమనార్హం.

ఈ రెంటికీ పూర్తి భిన్నమైన తోలు చిత్రం ఒకటి ఈ ప్రాంతపు సరిహద్దులోనే పుట్టింది. వరంగల్, మహబూబాబాద్‌ల మధ్య రైలుమార్గంలో ఉన్న నెక్కొండ దగ్గరి అడవిలో 1902 వేసవిలో వైస్రాయి కర్జన్ వేటకు వచ్చాడు. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీనదయాళ్ వ్యవస్థ తీసిన ఫొటోలో కర్జన్ దంపతులు నిలబడి ఉంటారు, వారి ముందు చచ్చిన పులి పడి ఉంటుంది. తెలంగాణ అడవిలో తీసిన ఫొటోలలో ప్రపంచమంతటా ఎక్కువగా అచ్చైనవాటిలో ఇదొకటి. లిస్ట్ బొమ్మలో భుజాలమీద ఉన్న బొచ్చు ఇక్కడ పాదాల దగ్గర ఉంది. పని మాత్రం ఒకటే. బొచ్చుకోటు వెనుక ఉన్న చావును కోటు దాచిపెడుతుంది, నెక్కొండ ఫొటో దానిని ముందుపెడుతుంది. ఆ రకంగా ఈ ఫొటో వియన్నా రాతి అచ్చుకు నిజాయితీగల వ్యాఖ్య అనవచ్చు. ఫొటో తీసినవారి ఉద్దేశం అదేమీ కాదు.

ముఖాలు లేని మహనీయులు

జనగామ జిల్లాకు పేరు తెచ్చిన పాతకాలపు మనుషులలో పాల్కురికి సోమనాథుడు, పోతన, ఖిలాషాపూర్ సర్వాయి పాపన్న ముఖ్యులు. సోమనాథ పోతనలను ఎదుట కూర్చోబెట్టి గీసిన చిత్రమంటూ ఏదీ సాహిత్యచరిత్రకు ఆధారంగా లేదు. ఈనాడు ప్రచారంలో ఉన్న వారి ముఖాలు ఇరవయ్యో శతాబ్దపు కల్పనలు. పోతన అనగానే తలపుకు వచ్చే శాంతమూర్తి వెనుక 1940ల తొలినాళ్లలో వాహినీ సంస్థ నిర్మించిన భక్త పోతన చిత్రంలో చిత్తూరు నాగయ్య వేషం నీడ ఉంది. ఒక నటుడి ముఖం కవి ముఖంగా స్థిరపడటంలో తప్పు పట్టవలసిందేమీ లేదు, కాని అది నాగయ్య ముఖమని పాఠ్యపుస్తకాలు చెప్పవు.

పాపన్న సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. గీత కులంలో పుట్టి, కోటలు కట్టి, 1708లో వరంగల్ నగరాన్ని కొల్లగొట్టి, 1710లో మొగలు సేనల చేతిలో అంతమైన ఈ మనిషిని ఖాఫీఖాన్ దొంగగా రాశాడు. జనం వీరుడిగా పాడుకున్నారు. ఆ పాటను జె.ఏ. బాయిల్ 1874లో ఇండియన్ యాంటిక్వరీలో పరిచయం చేశాడు. రిచర్డ్ ఈటన్ 2005లో దక్కన్ సామాజిక చరిత్ర మీద రాసిన గ్రంథంలో పాపన్నకు ఒక అధ్యాయం కేటాయించాడు. పందొమ్మిదో శతాబ్దం పాపన్నకు ఇచ్చినది పాట పాఠమే, ముఖం కాదు. ముఖం ఆ తరువాతి కాలపు అవసరం. ఇప్పుడు కూడళ్లలో కనిపించే గుర్రం, కత్తి, కోరమీసం, తలపాగా చూస్తే శివాజీ పటాల పోలిక కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. గీత వృత్తికి చెందిన మోకు, ముస్తాదు ఈ రాచవేషంలో ఎక్కడా ఇమడవు. రాజుగా చూపాలంటే రాజవేషమే వేయాలన్న నియమం యూరప్ రూపచిత్రానిదే. బొచ్చుకోటు స్థానంలో జరీ అంగీ వచ్చింది, అంతే.

ముఖం తెలియని వాళ్లకు ముఖం కల్పించవలసి వచ్చినప్పుడు వేషాన్ని అరువు తెచ్చుకోక తప్పదా? తప్పదనుకుంటే ఈ జిల్లాలోనే దానికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది.

కడవెండి బొమ్మలో గొంగడి

1946 జూలై 4న కడవెండిలో విసునూరు దేశముఖ్ మనుషుల కాల్పులలో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. సంఘం కార్యకర్త, కురుమ కులస్థుడు. తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర తొలి అమరుడిగా ఆయనను స్మరిస్తుంది. కొమరయ్య పేరుతో ప్రచారంలో ఉన్న బొమ్మలలో, విగ్రహాలలో తరచుగా కనిపించేవి రెండు: భుజాన గొంగడి, చేతిలో కర్ర. పాపన్నకు జరిగినట్టు ఇక్కడ వేషం బయటినుంచి రాలేదు. పని చేసే మనిషి వస్త్రమే ప్రతిమలో చేరింది. ఈ కారణం చేత ఈ ప్రతిమను మెచ్చుకునే విమర్శకులు ఉంటారు, అది న్యాయమే.

అయినా ఒక చిక్కు మిగిలి ఉంది. దానికి గొంగడి తయారీ, వాడకం కొంత వివరంగా చూడాలి.

గొంగడి నేత కురుమల పని. దక్కనీ జాతి నల్లగొర్రెల ఉన్నిని ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. దానిని ఏకి, శుభ్రంచేసి, దారం తీస్తారు. ఈ పనిలో ఎక్కువ భాగం ఆడవాళ్లది. పడుగు దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు. గుంటమగ్గం మీద నేస్తారు. రంగు అద్దకం లేదు, గొర్రె రంగే గొంగడి రంగు. కొత్తగా ఉన్నప్పుడు ఒంటికి గుచ్చుకుంటుంది, వాడగా వాడగా మెత్తబడుతుంది. వానకు తడిసినా నీరు వెంటనే లోపలికి దిగదు. మందవెంట పోయే మనిషికి ఇది వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పడక, పగలు కూర్చోవడానికి పరుపు, కొత్తగా ఈనిన పిల్లను ఎత్తుకురావడానికి ఊయల. అందుకే తెలుగు సామెతల్లో గొంగడి ఒంటిమీద కన్నా నేలమీదే ఎక్కువగా కనిపిస్తుంది. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అన్నా, ఎక్కడ వేసిన గొంగడి అక్కడే ఉందన్నా అది ఒక తావు, కూర్చునే చోటు. తొడుక్కునే బట్ట అనిపించదు. కోటుకు చేతులుంటాయి, గుండీలుంటాయి. విప్పి మేకుకు తగిలించినా మనిషి ఆకారం దానిలో మిగిలి ఉంటుంది. గొంగడి చదరపు గుడ్డ. మనిషి లేచిపోతే అందులో ఏ ఆకారమూ మిగలదు.

పనిలో ఉన్నప్పుడు గొంగడిని కప్పుకునే తీరు మరీ ముఖ్యం. వానలో దాని ఒక కొసను ముసుగుగా మడిచి తలమీదుగా వేసుకుంటారు. వీపు, భుజాలు, మోకాళ్ల దాకా అదే కప్పుతుంది. దూరంనుంచి చూస్తే కనిపించేది ఒక నల్లని త్రికోణం, దానికింద కాళ్లు, పక్కన కర్ర. ముఖం కనిపించదు. అయినా ఊరివాళ్లు ఆ నడకను, ఆ కప్పును బట్టి వచ్చేది ఎవరో గుర్తుపడతారు. అంటే గొంగడి నిజంగా వాడకంలో ఉన్న క్షణంలో రూపచిత్రం సాధ్యం కాదు. రూపచిత్రానికి ముఖం కావాలి, గొంగడి ముఖాన్ని దాస్తుంది. ఈ వైరుధ్యాన్ని శిల్పులు, చిత్రకారులు ఒకే మార్గంలో పరిష్కరించారు: గొంగడిని తలమీదనుంచి దించి, చక్కగా మడిచి, ఒక భుజాన వేశారు. ముఖానికి వెలుతురు వచ్చింది. ఆ క్షణంలోనే గొంగడి పనిముట్టుగా ఉండటం మానేసి కండువా అయింది. వాననుంచి కాపాడిన వస్తువు కులాన్నో, వృత్తినో తెలిపే గుర్తుగా మారింది. లిస్ట్ బొచ్చుకోటు చేసిన పనినే అది చేయవలసి వచ్చింది; చెప్పే విషయం మాత్రమే వేరు.

ఈ మార్పును కేవలం చిత్రకారుల తప్పుగా చూడరాదు. రాజకీయ వేదికలమీద కూడా ఇదే జరుగుతున్నది. గొల్లకురుమల సభలకు వచ్చిన నాయకుడి భుజాలమీద గొంగడి కప్పి, చేతికి కర్ర ఇచ్చి, గొర్రెపిల్లను ఎత్తించి ఫొటో తీయడం తెలంగాణలో అందరూ ఎరిగిన ఆచారం. ఆ ఫొటోలో గొంగడి సన్మానపు శాలువ. మర్నాడు ఆ నాయకుడు వానలో ఎక్కడికీ పోనక్కరలేదు. బొచ్చుకోటు రూపచిత్రానికి ఈ ప్రాంతంలో అచ్చమైన వారసుడు ఎవరంటే కడవెండి విగ్రహం కన్నా ముందు ఈ వేదికమీది ఫొటోను చూపాలి.

దీనికి ఆర్థిక నేపథ్యం కూడా ఉంది. మాంసం ధర పెరిగిన కొద్దీ బొచ్చులేని నెల్లూరు జాతి గొర్రెలు తెలంగాణ మందల్లోకి వచ్చి, నల్లని దక్కనీ గొర్రెలు తగ్గాయి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఇరవై గొర్రెలకు ఒక పొట్టేలు చొప్పున పంపిణీ పథకం ప్రారంభించినప్పుడు గొర్రెలను ఇతర రాష్ట్రాలనుంచి కొనితెచ్చారు. పథకం లక్ష్యం మాంసం, ఉన్ని కాదు. పెళ్లిలో చేతికి కట్టే కంకణం ఉన్నిదా, పత్తిదా అన్న దానినిబట్టి తమలో శాఖలను చెప్పుకునే కులంలో ఉన్ని గొర్రె కరువు కావడం చిన్న విషయం కాదు. మందలో ఉన్ని తగ్గుతున్న కాలంలోనే విగ్రహాల భుజాలమీద గొంగడులు పెరగడాన్ని ప్రతిమాశాస్త్రం పట్టించుకోవాలి.

విప్పి చూపిన గొంగడి

విగ్రహం చేయలేని పనిని ప్రదర్శన చేసింది. ఒగ్గుకథ కురుమల ఆశ్రితకళ. మల్లన్న, బీరప్ప కథలు దీనికి మూలం. జనగామ జిల్లా మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య దీనిని జాతీయ వేదికకు తీసుకుపోయి 2014 సంవత్సరపు సంగీత నాటక అకాడమీ పురస్కారం పొందారు, 2017లో మరణించారు. ఒగ్గుకథలో ప్రధాన కథకుడు ఒక్కడే మల్లన్న అవుతాడు, కేతమ్మ అవుతాడు, మేడలమ్మ అవుతాడు. ముఖం మారదు, రంగు పూయడు. ఒంటిమీది బట్ట సర్దుబాటు, నడక, గొంతు మారితే పాత్ర మారుతుంది. శ్రోతకు పాత్రను అందించేది బట్ట, ముఖం కాదు. ఇక్కడ ముఖం అందరికీ ఉమ్మడిగా ఉండే ఖాళీ స్థలం.

గద్దర్ వేషం కూడా ఈ కోణంలోనే అర్థమవుతుంది. తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టిన ఆయన కురుమ కాదు. అయినా పంచె, కాలిగజ్జెలు, కర్రతో పాటు గొంగడిని తన వేదికవేషంలో చేర్చుకున్నారు. 1980లో వచ్చిన మా భూమి చిత్రంలో తెరమీద కనిపించి పాడిన నాటినుంచి 2023 ఆగస్టులో మరణించే వరకు ఆయనను జనం గుర్తుపట్టిన తీరులో ఆ కప్పుకు పెద్ద వాటా ఉంది. ఆయన భుజాన గొంగడి కులచిహ్నం కాలేదు. ఎందుకంటే అది కదులుతూ ఉండేది. చుట్టుకుంటే చలి, విసిరితే కోపం, పరిస్తే చావు. ఆయన మీద వచ్చిన విమర్శలో గొంతుకు దక్కిన చోటు ఈ బట్టకు దక్కలేదు. ఫొటోలు మాత్రం గొంగడిని భుజంమీదే ఆపేశాయి. ఆయన స్మారక చిత్రాలు కొమరయ్య ప్రతిమ మాదిరినే అనుసరిస్తున్నాయి.

మరొక మార్గం నకాశీ పటానిది. చేర్యాల కూడా 2016కు ముందు వరంగల్ జిల్లాలోనిదే, ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉంది. పటం బట్టకు సుద్దమట్టి, గంజి, చింతగింజల జిగురు కలిపి పూత పూస్తారు. గొంగడి పడుగుకు పట్టించే చింతగింజే బొమ్మకు నేల అయింది. ఎర్రని వెనుతలం మీద వరుసలుగా నడిచే ఆ మనుషుల ముఖాలు దాదాపు ఒకే అచ్చు: పెద్ద కళ్లు, కొసదేరిన ముక్కు. ఎవరు ఎవరో చెప్పేది ఒంటిరంగు, కట్టు, నగ, చేతిలో వస్తువు. కథకుడు పుల్లతో చూపి పేరు చెబుతాడు. వ్యక్తిముఖం గీయలేని అసమర్థత అని దీనిని కొట్టిపారేసినవారు పటం ఒంటరిగా గోడమీద వేలాడే వస్తువు కాదన్న సంగతి మరిచారు. పేరు చెప్పే గొంతు పక్కనే ఉన్నప్పుడు పోలిక అవసరం లేదు. గొంతు లేనిచోట, అంటే అచ్చుకాగితం మీద మాత్రమే ముఖం అంత భారం మోయాలి.

ముఖం అవసరం లేని తల్లి

ఈ తర్కానికి కొసన మేడారం ఉంది. 2016 నుంచి 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలో ఉండి, తరువాత ములుగు జిల్లాలోకి వెళ్లింది. రెండేళ్లకొకసారి మాఘపౌర్ణమికి జరిగే జాతరలో సమ్మక్కకు విగ్రహం లేదు. చిలకలగుట్టనుంచి కోయ పూజారులు తెచ్చే కుంకుమభరిణె, గద్దెలమీద నిలిపే వెదురు, అంతే. మహబూబాబాద్ జిల్లా పూనుగొండ్లనుంచి పగిడిద్దరాజును తెస్తారు. అక్కడా ముఖం లేదు. కోయల పడిగె గుడ్డ మీద వంశకథ ఉంటుంది, వ్యక్తుల పోలికలు ఉండవు.

ఐతిహ్యం ప్రకారం పసిపిల్లగా ఉన్న సమ్మక్క అడవిలో పులుల మధ్య కోయ పెద్దలకు దొరికింది. నెక్కొండ ఫొటోలో చచ్చిన పులి మనిషి గొప్పను చాటితే, ఈ కథలో బతికిన పులులే బిడ్డ గొప్పను చాటాయి. తోలు ఒలవనక్కర లేకుండానే పులి ఆమె గుర్తు అయింది. జాతర దారిలో అమ్మే రంగుపటాలలో మాత్రం సమ్మక్కకు చీర, కిరీటం, రవివర్మ దేవతల నునుపు ముఖం వచ్చాయి. పులి వాహనంగా మారి కాళ్లకింద చేరింది. ఒకే జాతరలో గద్దెమీద వెదురు, దుకాణంలో ముఖం పక్కపక్కన ఉన్నాయి. భక్తులు రెంటినీ తీసుకుంటారు. బెల్లం మాత్రం గద్దెకే చెల్లిస్తారు, ఇంటికి పోయేటప్పుడు పటం కొనుక్కుంటారు.

ఈ మూడు జిల్లాల ప్రతిమలను నమోదు చేసే పరిశోధకులు ఇప్పటివరకు ఎవరి బొమ్మ, ఎవరు చేశారు, ఏ సంవత్సరం అన్న వివరాలతో ఆగుతున్నారు. వాటి పక్కన మరొకటి చేరాలి: కప్పు ఎక్కడ ఉంది? తలమీదా, భుజానా, నడుముకా, కాళ్లకిందా? కడవెండి కొమరయ్య గొంగడిని తలమీదికి తిరిగి ఎత్తి ఒక శిల్పి విగ్రహం చేస్తే, దానిని చూసి ఊరివాళ్లు కొమరయ్య అనే అంటారా, ముఖమేదని అడుగుతారా అన్నది చేసి చూస్తేగాని తెలియదు.